మానేసినవాళ్ళ పేరు చెప్పండి

ఇల్లు, వంటగది బల్ల దగ్గర నుంచి
జూన్ 4, మంగళవారం

ఈ రోజు పనులు: దుప్పట్లు నాలుగు ఉతికి, ఆరేసి, మడతపెట్టడం. కుళాయికి కొత్త వాషరు. మీ బావ చొక్కాలు ఆరు ఇస్త్రీ, రెండింటికి గుండీలు. పాల లెక్క, పేపరు లెక్క. మిగిలిన పని ఒకటే: నీ ఉత్తరానికి జవాబు.

పిచికా,

ఫోనులో మాట్లాడుకుంటే నువ్వు మధ్యలో ఏడుస్తావు, నేను మధ్యలో కోప్పడతాను. ఈ విషయం కాగితం మీదే తేల్చుకుందాం. నీ ఎనిమిది పేజీల్లో నాకు అర్థమైంది రాస్తున్నాను. తప్పుంటే దిద్దు.

మీ కుర్చీల మరమ్మతు దుకాణం ఉన్న వీధి మలుపులో పెద్ద ఫర్నిచర్ షోరూం వచ్చింది. కాలు విరిగిన కుర్చీని బాగుచేయించడం కంటే కొత్తది కొనుక్కోవడం తేలికని జనం అనుకుంటున్నారు. దుకాణం గది అద్దెకిచ్చిన యజమాని, సెప్టెంబరు ఆఖరుకల్లా మూడేళ్ళ అగ్రిమెంటు రాయండి, లేకపోతే ఖాళీ చేయండి అన్నాడు. ఖాళీ చేయాల్సి వస్తే మరిది ఆ షోరూం గోడౌనులోనే స్క్రూలు బిగించే పనికి చేరతానంటున్నాడు. వాళ్ళ నాన్న పక్కన కూర్చుని పేము అల్లడం నేర్చుకున్న మనిషి! ఇంతలో ఒక ఆన్‌లైన్ మార్కెటింగ్ కంపెనీ వచ్చి, సెర్చ్ చేస్తే మీ పేరే మొదట కనిపించేలా చేస్తాం, గ్యారంటీ అంటోంది. అగ్రిమెంటు కోసం మీరు దాచుకున్న డబ్బు, వాళ్ళ ఫీజు దాదాపు సమానం.

అంతేనా? అయితే ఆ డబ్బు ఒక్కసారే చేయి దాటుతుంది. వీళ్ళకిచ్చి తప్పు జరిగితే దుకాణం పోయినట్టే.

నాకు ఇంటర్నెట్టు విద్య రాదు. పనికి మనిషిని పెట్టుకోవడం మాత్రం తెలుసు. మా ఇంటికి రంగులు వేయించేటప్పుడు మేస్త్రీ, మొన్ననే వేసిన ఇల్లు చూపిస్తానన్నాడు. వద్దు, రెండు వానాకాలాలు చూసిన గోడ చూపించు అన్నాను. తర్వాత, నిన్ను మధ్యలో మాన్పించిన ఇల్లు ఏదైనా ఉంటే చెప్పు అన్నాను. మీ బావ సిగ్గుపడి పెరట్లోకి వెళ్ళిపోయారు. మేస్త్రీ తల గోక్కుని చెప్పాడు. వెళ్ళి అడిగితే ఆ ఇంటావిడ, "పని మంచిదే కానీ రేపంటే ఎల్లుండి వస్తాడు" అంది. ఎల్లుండికి నేను సిద్ధపడ్డాను. తొమ్మిదేళ్ళయింది, ఇంతవరకు పెచ్చు లేవలేదు.

నువ్వూ అదే అడుగు. మెచ్చుకున్నవాళ్ళు ఎవరు, మానేసినవాళ్ళు ఎవరు. రెండూ రాయించుకుని పంపు. అప్పటిదాకా పైసా ఇవ్వకు.

అక్క


దుకాణం, వెనక గది
జూన్ 11

అక్కకు,

దిద్దడానికి తప్పేమీ దొరకలేదు. నీ ఉత్తరం చదివి ఆయన, "మీ అక్క జడ్జి కావాల్సింది, మీ బావ అదృష్టం కొద్దీ కాలేదు" అన్నారు.

కంపెనీ అబ్బాయి మళ్ళీ వచ్చాడు. మెడలో కార్డు, చేతిలో రెండు ఫోన్లు.

"మేడమ్, మీరు నిద్రపోతున్నా మీ కుర్చీలు అమ్ముడుపోతూనే ఉంటాయి."

"మేం అమ్మం నాయనా, బాగుచేస్తాం."

"అదే మేడమ్. నిద్రలోనే బాగైపోతాయి."

ఆయన అల్లుతున్న కుర్చీ మీంచి తలెత్తకుండా, "అయితే నేను పడుకుంటా, చాప వెయ్యి" అన్నారు.

నీ ప్రశ్న అడిగాను. పెద్దగా నవ్వాడు. "మమ్మల్ని మానేసినవాళ్ళు ఎవరూ లేరు మేడమ్. ఇప్పటిదాకా ఒక్కరంటే ఒక్కరు లేరు." మెచ్చుకున్నవాళ్ళవి మాత్రం ఆరు పేర్లిచ్చాడు. వెనక పేజీలో రాశాను. వాళ్ళలో గడియారాలు బాగుచేసే ఆయన మీ ఊళ్ళోనే, బస్టాండు వెనక వీధిలో.

కోప్పడకు అక్కా. రెండు వానలు చూసిన గోడ కోసం నువ్వు ఆగగలవు. మాకు ఒక్క వాన కూడా ఆగే వీలు లేదు. నిన్న రోజంతా మా ఫోను ఒకే ఒక్కసారి మోగింది, అదీ రాంగ్ నంబరు. ఆయన దాన్ని చేతిలో పట్టుకుని చాలాసేపు చూస్తూ కూర్చున్నారు.

డబ్బు ఇవ్వలేదు. ఒట్టు.

పిచిక


ఇల్లు
జూన్ 19

ఈ రోజు పనులు: ఫోన్లు ఐదు. బస్సు ప్రయాణం ఒకటి. వంట మీ బావ చేశారు, కాబట్టి గిన్నెలు మామూలుకంటే రెట్టింపు.

పిచికా,

ఎవరూ మానేయని వ్యాపారం లోకంలో ఉంటుందా? నన్నే ఇద్దరు పనిమనుషులు మానేశారు. ఒకావిడ కారణం కూడా చెప్పింది, "మీరు గిన్నె అడుగు తిప్పి చూస్తారమ్మా" అని.

ఆ ఆరుగురిలో ఐదుగురికి ఫోను చేశాను. రెండు నంబర్లు అసలు లేవు. పళ్ళ డాక్టరు దగ్గర పనిచేసే అమ్మాయి, "వాళ్ళు ఒకసారి వచ్చి మాట్లాడి వెళ్ళారండి, మేం పెట్టుకోలేదు" అంది. తర్వాత బట్టల దుకాణం. ఒకాయన ఎత్తి, "అద్భుతమైన సేవ! మా అమ్మకాలు మూడింతలయ్యాయి" అని దగ్గాడు. ఆ తర్వాత వ్యాయామశాల. "అద్భుతమైన సేవ! మా సభ్యులు మూడింతలయ్యారు." అదే గొంతు, అదే దగ్గు.

"నాయనా, ఇందాక బట్టలు అమ్మావు కదా, ఇప్పుడు కసరత్తు కూడా చేయిస్తున్నావా? ముందు ఆ దగ్గుకు మందు వేసుకో" అన్నాను. పెట్టేశాడు.

ఆరో ఆయన దగ్గరికి స్వయంగా వెళ్ళాను. ఉత్త చేతులతో వెళ్తే మాట పెగలదని గోడగడియారం సంచిలో పెట్టుకున్నాను. చిన్న గది. గోడ నిండా గడియారాలు, ఒక్కోటి ఒక్కో టైము చూపిస్తున్నాయి. ఆయన నాది విప్పి చూసి, "దీనికేం రోగం లేదే?" అన్నాడు.

"లేదు. బ్యాటరీ నేనే తీశాను. మీతో మాట్లాడే పని ఉండి వచ్చాను."

కంటి దగ్గర పెట్టుకున్న భూతద్దాన్ని నుదుటి మీదికి తోసి నన్ను తేరిపార చూశాడు. "ఆ కంపెనీ గురించేనా? అప్పుడప్పుడూ ఎవరో ఒకరు అడగడానికి వస్తూనే ఉంటారు. గడియారం పట్టుకొచ్చింది మాత్రం మీరొక్కరే. కూర్చోండమ్మా."

ఆయన చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను.

"మొదట్లో ఫోన్లు బాగానే వచ్చాయమ్మా. తర్వాత ఫీజు పెంచారు. ఇక చాలు బాబూ అన్నాను. ఆ రోజుతో నా ఫోను చచ్చిపోయింది. మా మనవరాలు సెర్చ్ చేసి చూపిస్తే తెలిసింది. దుకాణం పేరు నాదే, బోర్డు ఫోటో నాదే, కింద నంబరు మాత్రం వాళ్ళది. నాకోసం ఫోను చేసినవాళ్ళని ఇంకో గడియారాలవాడికి అమ్ముకుంటున్నారు."

"మరి మిమ్మల్ని మెచ్చుకున్నవాళ్ళలో రాశారే?"

"రాయరూ? సెర్చ్‌లో కనిపించే ఆ పేజీ వాళ్ళ చేతిలో ఉన్నంతకాలం వాళ్ళ లెక్కలో నేనున్నట్టే. వాళ్ళని మానేసినవాళ్ళు లేరన్న మాట నిజమేనమ్మా. మనం మానేసినా వాళ్ళు వదలరు."

"పేజీ వాళ్ళ చేతికెలా వెళ్ళింది?"

"పాస్‌వర్డు నేనే ఇచ్చాను. ఇంటి తాళం ఇచ్చి, దొంగ పడ్డాడంటే ఎవరు నమ్ముతారు?"

పిచికా, ఇంటికొచ్చి నీ ఉత్తరం మళ్ళీ చదివాను. డబ్బు ఇవ్వలేదని ఒట్టు పెట్టావు. ఇంకేమీ ఇవ్వలేదని రాయలేదు. పోటీ షోరూం వచ్చినా రోజూ ఎంతో కొంత మోగే ఫోను ఒక్కసారిగా రాంగ్ నంబరు స్థితికి ఎందుకొచ్చింది? నిజం రాయి.

అక్క


దుకాణం
జూన్ 24

అక్కా,

పాస్‌వర్డు ఇచ్చేశాను. నీ మొదటి ఉత్తరం రాకముందే. "ఊరికే చూసి చెబుతాం మేడమ్, ట్రయల్" అన్నాడు. డబ్బు కాదు కదా, నాలుగక్షరాలే కదా అనుకున్నాను.

ఆ పేజీలో ఏమున్నాయో నీకు తెలుసా? పదకొండేళ్ళుగా వచ్చినవాళ్ళు రాసిన మాటలు. ఆయన అల్లిన ప్రతి కుర్చీ ఫోటో. ఇప్పుడు చూస్తే కింద నంబరు మాది కాదు. పక్క దుకాణం ఫోను నుంచి చేశాను. ఎవడో ఎత్తి, "కుర్చీలా? మీరెక్కడున్నారో చెప్పండి మేడమ్, మీకు దగ్గరలో ఉన్న మంచి మరమ్మతు షాపు నంబరు పంపిస్తాం" అన్నాడు. మేమే కదా అక్కా దగ్గరలో ఉన్నది!

ఆయనకు చెప్పలేదు. ఫోను మోగకపోతే తన పనే పాతబడిందని అనుకుంటున్నారు. నిన్న తన పేము చుట్టలన్నీ విప్పి చూసి మళ్ళీ కట్టేశారు. వచ్చే సోమవారం షోరూం మేనేజరును కలుస్తారట. చొక్కా ఇస్త్రీ చేయమన్నారు. చేశాను. చేస్తున్నంతసేపూ నోటిదాకా వచ్చింది, మింగేశాను.

ఏం చేయను?

పిచిక


ఇల్లు
జూన్ 26, కొరియర్‌లో

ఈ రోజు పనులు: ఇదొక్కటే.

పిచికా,

ముందు మరిదికి చెప్పు. సోమవారం కాదు, ఈ ఉత్తరం మడిచే లోపలే. తన చేతిపని పాతబడిందనుకుని ఒక మనిషి గోడౌనుకు వెళ్ళడం కంటే, పెళ్ళాం మోసపోయిందని తెలిసి ఒక పూట అరవడం మేలు.

ఇక రెండో పని. గడియారాలాయన మనవరాలిని పట్టుకుని అడిగాను. పేజీ అసలు యజమాని మేమేనని సెర్చ్ కంపెనీకే నేరుగా అర్జీ పెట్టుకునే వీలుందట. రుజువు అడుగుతారు. దుకాణం వీడియో తీయాలి: వీధి, బోర్డు, మీ చేత్తో మీ తాళం తీయడం, లోపల పనిముట్లు, మీ పేరున ఉన్న కరెంటు బిల్లు. మధ్యలో ఆపకుండా ఒకే వీడియో. "మరి మీ తాతకు ఎందుకు చేయలేదమ్మా?" అంటే, "తాతయ్య, ఇచ్చింది నేనే, నోరు మూసుకుని పడుంటా అంటున్నాడు ఆంటీ" అంది. ఆయన సంగతి నేను చూస్తాను. నీ సంగతి నువ్వు చూడు.

ఏడుపు తర్వాత. ముందు తాళం.

అక్క


దుకాణం
జూలై 9

అక్కా, అక్కా, అక్కా!

వచ్చేసింది! పొద్దున్న తెరిచి చూస్తే పేజీ మాది, నంబరు మాది, పదకొండేళ్ళ మాటలూ మావి. పాస్‌వర్డు మార్చేశాను. నీక్కూడా చెప్పను.

మొదటి నుంచి చెబుతాను. ఆయనకు చెప్పాను. అరవలేదు. "అయితే మన కుర్చీలు అక్కర్లేక కాదన్నమాట, ఫోను దారి తప్పిందన్నమాట" అన్నారు. ముఖంలో వెలుగు చూడాలి నువ్వు! నేను తిట్లకు సిద్ధపడి కూర్చుంటే ఆయన నవ్వుతున్నారు. ఆ ఇస్త్రీ చొక్కా సోమవారం వీడియోకు పనికొచ్చింది.

వీడియో రెండుసార్లు తీశాం. మొదటిసారి తాళం పట్టేసింది. యజమానే తాళం తీయలేకపోతే ఎవరు నమ్ముతారు? నూనె పోసి మళ్ళీ తీశాం. లోపలికి వెళ్ళాక ఆయన ఆగలేక స్టూలు మీద కూర్చుని రెండు వరసలు అల్లేశారు. "అది అడగలేదండీ!" అంటే, "కరెంటు బిల్లు ఎవరైనా తెస్తారు, ఇది తెమ్మను" అన్నారు.

మధ్యాహ్నం ఆ అబ్బాయి ఫోను చేశాడు. "మేడమ్, మా ట్రయల్ మధ్యలో మీరు పేజీ తీసేసుకున్నారు. ఇది పద్ధతి కాదు." ఆయన ఫోను తీసుకుని చాలా మర్యాదగా, "బాబూ, మిమ్మల్ని మానేసినవాళ్ళు ఎవరూ లేరన్నావు కదా. కాగితం తీసుకో. మొదటి పేరు మాది రాసుకో" అన్నారు.

పక్క దుకాణంవాళ్ళు కూడా నవ్వారు.

కానీ అక్కా, పోయింది తిరిగొచ్చిందంతే. సెప్టెంబరు అక్కడే ఉంది. షోరూం పనికి ఆయన ఇంకా ఒప్పుకోలేదు కానీ, వద్దని కూడా వాళ్ళకు చెప్పలేదు.

పిచిక


ఇల్లు
జూలై 16

ఈ రోజు పనులు: కిటికీ తెరలు ఉతకడం, అలమర సర్దడం. గడియారాలాయన దుకాణం ముందు నిలబడి బోర్డు పట్టుకోవడం. వీడియో కోసం దుమ్ము తుడిచినప్పుడే వదులైంది, ఈ రోజు తిరిగి బిగిస్తుంటే ఒక చివర నేను పట్టుకున్నాను. మొన్న ఆయన పేజీ కూడా తిరిగొచ్చింది. ఆయన గోడ మీది గడియారాలన్నీ ఒకే టైముకు తిప్పి పెట్టాడు. గది నిండా ఒక్కసారే గంటలు కొడితే వీధిలో జనం ఆగి చూశారు.

పిచికా,

మోసపోయినవాళ్ళు రెండు రకాలు. ఒకరు మళ్ళీ మోసపోతారు. రెండోవాళ్ళు ఇక ఎవరినీ నమ్మరు. రెండో రకం తెలివైనదని అనుకుంటారు కానీ వాళ్ళకూ పని జరగదు. నీకు చాటి చెప్పే మనిషి కావాలి, అది నిజం. వెతుకు. ఈసారి ఫోన్లు నేను చేయను. అదే గొంతు, అదే దగ్గు వినిపిస్తే నువ్వే పట్టుకోవాలి.

అక్క


దుకాణం
ఆగస్టు 12

అక్కా,

ముగ్గురితో మాట్లాడాను. ముగ్గురినీ అదే అడిగాను: మిమ్మల్ని మానేసినవాళ్ళ పేరు చెప్పండి.

మొదటాయన, "అది వ్యాపార రహస్యం" అన్నాడు. రెండోవాళ్ళు, పదివేల మంది ఫాలోయర్లను వారంలో తెచ్చిపెడతామన్నారు. "వాళ్ళ ఇళ్ళల్లో కుర్చీలున్నాయా?" అని అడిగితే అర్థం కాలేదు. చెప్పేవాడికి వినేవాడు లోకువని ఊరికే అన్నారా!

మూడో ఆవిడ ఒక్కతే ఇంట్లో నుంచి ఈ ప్రచారం పని చేసుకుంటుంది. నా ప్రశ్న విని వెంటనే, "ఇద్దరు. ఒకరు ఊరు మారారు. ఇంకొకరు కేకుల దుకాణం ఆవిడ. నంబరిస్తాను కానీ, చెవి కాస్త దూరంగా పెట్టుకోండి" అంది.

చేశాను. కేకులావిడ నన్నే ఆవిడ అనుకున్నట్టు దులిపేసింది. "ఒక్కసారిగా అంతమందిని తెచ్చి మీద పడేస్తే నేను ఎన్నని చేయను? సగం మందికి కేకు అందలేదు. నా పేరు చెడగొట్టింది!" ఊపిరి తీసుకున్నాక అడిగాను, "అబద్ధం చెప్పిందా అండీ?" గొంతు తగ్గించింది. "అబద్ధం చెప్పలేదు. డబ్బు కూడా సగం వెనక్కిచ్చింది. పెద్ద పొయ్యి కొంటున్నాను. వచ్చాక మళ్ళీ పిలుస్తాననుకుంటా. ఆవిడకు చెప్పకండి."

మర్నాడు ఆ ప్రచారం ఆవిడ మా దుకాణానికొచ్చింది. మొదటి మాట ఏమడిగిందో తెలుసా? "మీరు నెలకు ఎన్ని కుర్చీలు చేయగలరు?" ఇంతవరకు ఎవరూ అడగలేదు అక్కా! ఆయన చేతిలో పని పక్కన పెట్టి, స్టూలు జరిపి ఆవిడకు వేశారు. ఇరవై, గట్టిగా కూర్చుంటే పాతిక అన్నారు. "అయితే ఇరవైకే చాటుదాం. కేకులప్పుడు అడగలేదు, దెబ్బ తిన్నాను" అంది.

పాస్‌వర్డు ఇవ్వబోతే చేయి వెనక్కి తీసుకుంది. "అది మీ దగ్గరే ఉండాలండీ. నాకు పనిచేసేంతవరకు అనుమతి ఇవ్వండి, పనయ్యాక తీసేయండి." మొదటి స్థానం గ్యారంటీయా అంటే, "ఎవరూ ఇవ్వలేరు. ఇస్తామన్నవాళ్ళని ఇంట్లోకి రానివ్వకండి" అంది. ఫీజు నెలనెలా, నచ్చకపోతే ఆ నెలతో సరి. అగ్రిమెంటు డబ్బు ముట్టుకోనక్కర్లేదు.

మా పేజీ మీద ఒకే వాక్యం పెట్టించింది: "కుర్చీ పారేసే ముందు ఒక ఫోటో పంపండి."

పిచిక


ఇల్లు
ఆగస్టు 19

ఈ రోజు పనులు: మామూలువి.

పిచికా,

పెట్టుకో. నాకు అడగడానికి ఏమీ మిగల్చలేదు. కొంచెం వెలితిగానే ఉంది.

అక్క


దుకాణం
సెప్టెంబరు 24

అక్కా,

నిలబడి రాస్తున్నాను. కూర్చోవడానికి దుకాణంలో కుర్చీ లేదు, అన్నీ పనిలో ఉన్నాయి!

మొదటి ఫోటో ఒక ప్లాస్టిక్ కుర్చీది, నాలుగు ముక్కలు. ఆయన, "పారేయండి. మాకిచ్చి డబ్బు దండగ చేసుకోకండి" అని జవాబిచ్చారు. నేను తల కొట్టుకున్నాను. ఆ మనిషి, "నిజం చెప్పిన దుకాణం" అని మా పేజీలో రాశాడు. అక్కడ మొదలైంది. రోజూ ఫోటోలే. ఊగే కాళ్ళు, చిరిగిన అల్లికలు, పిల్లలు దూకి విరగ్గొట్టిన వీపులు. మొన్న ఒక గ్రంథాలయంవాళ్ళు ఫోను చేశారు, చదువుకునే గదిలో కుర్చీలు నలభై. ప్రచారం ఆవిడ సలహా మీద నెలకు పదేసి చొప్పున ఒప్పుకున్నాం. వాళ్ళు సరేనన్నారు.

అసలు సంగతి విను. నిన్న షోరూం మేనేజరు స్వయంగా వచ్చాడు. లారీలో దెబ్బతిన్న కుర్చీలు పోగుపడ్డాయట, బాగుచేస్తారా అని. ఆయన పేము కొస పళ్ళతో పట్టుకుని ఉన్నారు, తీసి మెల్లగా, "మీ గోడౌనుకు నేను రావాలనుకున్నాను. మీ గోడౌనే నా దగ్గరికొచ్చిందే! వరసలో పెట్టండి" అన్నారు.

ఈ ఉదయం అగ్రిమెంటు మీద సంతకాలయ్యాయి. మూడేళ్ళు! గది యజమాని తన పాత పడక్కుర్చీ కూడా ఇచ్చి వెళ్ళాడు.

వచ్చినవాళ్ళలో ఒకావిడ గురించి చెప్పాలి. మీ వైపు ఊరే. ఊగుడు కుర్చీ ఫోటో పంపింది, వెనకే వరసగా మెసేజీలు. పేము ఎక్కడిది, ఎంతసేపు నానబెడతారు, ఏ జిగురు, రెండేళ్ళ తర్వాత వదులైతే ఎవరిది పూచీ, అంతకుముందు చేసిన ఊగుడు కుర్చీ ఎవరింట్లో ఉంది, వాళ్ళతో మాట్లాడొచ్చా! ఆయన చెమటలు తుడుచుకుంటూ అన్నిటికీ జవాబిచ్చారు. "ఇంత అడిగే మనిషిని జన్మలో చూడలేదు, ఇంట్లోవాళ్ళు ఎలా వేగుతున్నారో పాపం" అన్నారు. కుర్చీ బాగుచేసి లారీలో వేశాం. బిల్లు డబ్బు ఇంకా రావాలి.

పిచిక


ఇల్లు, వరండా
అక్టోబరు 3

ఈ రోజు పనులు: ఏమీ లేవు. పొద్దున్నుంచీ ఊగుతున్నాను.

పిచికా,

మరిదికి చెప్పు, ఇంట్లోవాళ్ళు బాగానే వేగుతున్నారు.

మీ మాట మీద నమ్మకం లేక కాదు. చుట్టాలూ స్నేహితులూ జాలిపడి పంపిన కుర్చీలతో వ్యాపారం నిలబడదు, ముక్కూ మొహం తెలియనివాళ్ళు మీ దాకా వస్తున్నారో లేదో నాకు తెలియాలి. పాత సామాన్లవాడి దగ్గర విరిగిన ఊగుడు కుర్చీ కొన్నాను. పక్కింటావిడ ఫోను తీసుకుని, మీ దుకాణం పేరు కొట్టకుండా, "కుర్చీ బాగుచేసేవాళ్ళు" అని మాత్రం కొట్టాను. మూడో పేరు మీది. మీ ప్రచారం ఆవిడ మొదటి స్థానమని చెప్పలేదు కదా, నిజమే చెప్పింది. నీ జవాబు అదే పూట వచ్చింది. మరిది నాలుగు ప్రశ్నలకు సూటిగా చెప్పాడు, ఐదోదానికి "తెలియదండీ, చూసి చెబుతాను" అన్నాడు. అక్కడే నాకు నిశ్చింత కలిగింది.

పక్కింటావిడ వరండాలో దించిన కుర్చీని మీ బావ ఎత్తుకొచ్చారు. అల్లిక అడుగు తిప్పి చూశాను. ఒక్క కొస కూడా బయటికి లేదు. మీ బావ ఒకసారి కూర్చుంటానన్నారు. రేపు చూద్దామన్నాను.

బిల్లులో అక్కగారని తగ్గించడానికి నీకు తెలియదు కాబట్టి వేసిన ధర సరైనదే. మొత్తం ఈ రోజే పంపాను. ఊగుడు కుర్చీ తాలూకు బాకీ తీరింది.

అక్క